పేరు ముందు ఏం పెట్టాలి, తర్వాత ఏం రాయాలి: ఆహ్వాన పత్రిక నుంచి మైకు దాకా

కార్డు ప్రెస్సుకు వెళ్లే ముందు రోజు రాత్రి నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఈయనకు శ్రీ పెట్టాలా, డాక్టర్ పెట్టాలా?" "ఆవిడ పేరు ముందు శ్రీమతి రాస్తే ఏమైనా అనుకుంటారా?" "ఎమ్మెల్యే గారికి గౌరవ అనాలా, గౌరవనీయులు అనాలా?" హైదరాబాద్‌లోని చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో, రవీంద్రభారతిలో జరిగే సభలకు కార్డులు రాయడం, మైకు పట్టుకుని అతిథులను పిలవడం నాకు చాలా ఏళ్లుగా అలవాటైన పని. అడిగిన ప్రతి ఒక్కరికీ ఫోన్లో చెప్పేదంతా ఈసారి వరసగా రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఎక్కువ బిరుదులు తగిలిస్తే ఎక్కువ గౌరవం ఇచ్చినట్టు కాదు. ఆ మనిషికి నిజంగా ఉన్నదాన్ని, ఆ సందర్భానికి కావాల్సినంత మేరకు తప్పు లేకుండా రాస్తే అదే గౌరవం. కింది మెట్లన్నీ అందుకోసమే.

1. కార్డు రాసే ముందు పేర్ల పట్టిక తయారు చేయండి

నేరుగా కార్డు రాయడం మొదలుపెట్టకండి. ఒక కాగితం మీదో, ఫోన్లోనో ప్రతి అతిథికీ ఒక వరుస రాసుకోండి. అందులో ఇవి ఉండాలి:

- ఇంటిపేరు, పొడి అక్షరాలు, పేరు: వారు సంతకం చేసే తీరులోనే
- చదువుకున్న పట్టా (పిహెచ్‌డీ, ఎంబీబీఎస్ లాంటివి)
- ఇప్పటి పదవి, లేదా గతంలో చేసిన పదవి
- ఈ సభలో వారి పాత్ర: అధ్యక్షులా, ముఖ్య అతిథా, వక్తా
- వారే చెప్పిన కోరిక: "నాకు శ్రీమతి వద్దు", "పొడి అక్షరాలు చాలు" లాంటివి

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మొహమాటపడకుండా ఫోన్ చేసి అడగండి. "కార్డులో మీ పేరు ఎలా వేయమంటారండీ?" అంటే నొచ్చుకున్నవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు. అడగకుండా వేసినందుకు నొచ్చుకున్నవాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు.

పాత కార్డు నుంచో, వాట్సాప్ ఫార్వర్డ్ నుంచో పేరు ఎత్తి రాయకండి. అక్కడి తప్పు మీ కార్డులోకి కూడా వచ్చేస్తుంది.

2. పట్టా, పదవి, బిరుదు, మర్యాద మాట: నాలుగూ వేరు

గందరగోళమంతా ఈ నాలుగూ కలిపేయడం వల్లే వస్తుంది. డాక్టర్ అనేది పట్టాతో వచ్చేది. కలెక్టర్, ప్రిన్సిపాల్, మంత్రి పదవులు. మహాకవి, ప్రజాకవి లాంటివి జనమో, సంస్థలో ఇచ్చిన బిరుదులు. శ్రీ, శ్రీమతి, గారు మర్యాద మాటలు.

మాజీ, విశ్రాంత అనే మాటలు దేనికి తగిలించాలో కూడా ఇక్కడే తేలిపోతుంది. ఎన్నికతోనో, నియామకంతోనో వచ్చిన రాజకీయ పదవికి "మాజీ": మాజీ మంత్రి, మాజీ సర్పంచ్. ఉద్యోగానికి "విశ్రాంత" లేదా "రిటైర్డ్": విశ్రాంత తహసీల్దార్, విశ్రాంత ఆచార్యులు. పట్టాకు రెండూ రావు. ప్రాక్టీసు మానేసినా డాక్టర్ డాక్టరే.

3. పేరు ముందు ఒక్కటే

"శ్రీ డాక్టర్ ప్రొఫెసర్" అని మూడు ఇంజన్లు తగిలించిన కార్డులు నగరమంతా కనిపిస్తాయి. పేరు ముందు ఒక్క మాటే ఉంచండి. డాక్టర్ ఉంటే శ్రీ, శ్రీమతి తీసేయండి. ఆచార్య ఉంటే డాక్టర్ కూడా అక్కర్లేదు, ఆచార్యులకు పిహెచ్‌డీ ఉంటుందని చదివేవాళ్లకు తెలుసు.

రెండూ చెప్పాల్సి వస్తే ఒకటి ముందు, ఒకటి కింద వేయండి:

డాక్టర్ కె. రమాదేవి గారు
ప్రిన్సిపాల్, ప్రభుత్వ డిగ్రీ కళాశాల

ఐఏఎస్, ఐపీఎస్ లాంటివి పేరు తర్వాతే వస్తాయి. "ఐఏఎస్ రమేశ్ గారు" అని ముందు తగిలించకండి. అది సర్వీసు పేరు. పదవి చెప్పాలంటే "జిల్లా కలెక్టర్" అని కింద వరుసలో రాయండి.

చార్టర్డ్ అకౌంటెంట్లు పేరు ముందు సీఏ పెట్టుకోవడానికి వాళ్ల ఇన్‌స్టిట్యూట్ అనుమతి ఉంది, కాబట్టి పట్టికలో అలా ఇస్తే అలాగే వేయండి.

4. పేరు తర్వాత "గారు"

ఏం రాయాలో తేలని ప్రతిసారీ పేరు, దాని పక్కన గారు. అంతే చాలు. పెళ్లయిందా లేదా, చదువెంత, మతమేది, వయసెంత అనే ప్రశ్నలేవీ "గారు" అడగదు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే. మన భాషలో ఇంత చక్కటి మాట చేతిలో ఉండగా టెన్షన్ పడాల్సిన పని లేదు.

గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు పేర్లు వరసగా వస్తే చివర "గార్లు". పేరుకు కలిపి రాసినా విడిగా రాసినా తప్పు లేదు, కార్డు మొత్తం ఒకే తీరుగా ఉండాలి. ఫ్లెక్సీలో పేరు పెద్ద అక్షరాల్లో వేసి, గారును చీమంత చేసి కింది వరుసలోకి తోసేస్తుంటారు. అలా పేరును, గారును విడదీయవద్దని డిజైనర్‌కు ముందే చెప్పండి.

గారు పెట్టాక క్రియ కూడా దాన్ని మోయాలి. "రమాదేవి గారు ప్రసంగిస్తారు" అనాలి. పేరుకు గారు పెట్టి, తర్వాతి వాక్యంలో "ఆమె వచ్చింది, మాట్లాడింది" అంటే పెట్టిన మర్యాద పోయినట్టే. "వారు", "ఆయన", "ఆవిడ" వాడండి.

మీ పేరుకు మీరు శ్రీ, గారు పెట్టుకోకండి. డాక్టర్ అని చెప్పుకోవచ్చు, అది పట్టా. మర్యాద మాట మాత్రం ఎదుటివాళ్లు ఇవ్వాల్సింది.

పీఠాధిపతులకు, స్వాములకు "గారు" బదులు "వారు": స్వామివారు. ముస్లిం పెద్దలకు "జనాబ్" ముందు, "సాహెబ్" తర్వాత. మహిళలకు "మొహతరమా". హజ్ చేసి వచ్చినవారు పేరు ముందు హాజీ కోరుకుంటారేమో అడగండి. క్రైస్తవ గురువులకు రెవరెండ్, ఫాదర్, సిస్టర్, పాస్టర్ వేర్వేరు, ఒకదాని బదులు ఇంకొకటి వేయకూడదు. చర్చికి ఫోన్ చేస్తే సరిగ్గా చెబుతారు.

మాటల్లో మనం సారు, మాస్టారు, డాక్టర్ సాబ్, వకీల్ సాబ్, అన్న, అక్క అంటాం. చెవికి ఎంత ఆప్యాయంగా ఉంటాయో! మైకులో ఒకటి రెండు చోట్ల అన్నా బాగుంటుంది. ప్రొఫెసర్ జయశంకర్‌ను "జయశంకర్ సారు" అనకుండా తెలంగాణలో ఎవరు మాట్లాడతారు? కార్డులో మాత్రం రాత పద్ధతి పాటించండి. "దొర" అన్న మాట కార్డులోనూ వద్దు, మైకులోనూ వద్దు. అది ఎవరి వెన్ను వంచిన మాటో ఈ నేలకు బాగా గుర్తుంది.

5. డాక్టర్: ఎక్కువ తప్పులు ఇక్కడే

*వైద్యులు.* పేరు ముందు డాక్టర్, తర్వాత పట్టాలు. 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి ప్రకారం పేరు పక్కన గుర్తింపు ఉన్న వైద్య పట్టాలు, వృత్తి జ్ఞానాన్ని చాటే సర్టిఫికెట్లు, పురస్కారాల వంటివే రాసుకోవాలి. ఆరోగ్య శిబిరం కరపత్రం వేస్తుంటే పట్టాలు తప్పకుండా అడిగి వేయండి, వచ్చే రోగులకు అది అవసరం. సాహిత్య సభ కార్డులో ఆ వరుసంతా అక్కర్లేదు. ఊళ్లలో ఆర్ఎంపీని అందరూ డాక్టర్ అనే పిలుస్తారు. పిలుపు వేరు, రాత వేరు. కరపత్రంలో అలా వేయకండి.

*పిహెచ్‌డీ.* పట్టా ప్రదానమైందని యూనివర్సిటీ ప్రకటించాకే డాక్టర్. థీసిస్ ఇచ్చి వైవా కోసం ఎదురుచూస్తున్నవారు ఇంకా పరిశోధక విద్యార్థులే. తొందరపడి వేస్తే ఇబ్బంది వారికే. పేరు ముందు డాక్టర్ వేస్తే వెనక మళ్లీ పిహెచ్‌డీ అక్కర్లేదు.

*గౌరవ డాక్టరేట్.* యూనివర్సిటీ గౌరవంగా ఇచ్చిన పట్టాతో పేరు ముందు డాక్టర్ పెట్టుకోకపోవడం మంచి సంప్రదాయం. పరిచయ వాక్యంలో "ఫలానా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ అందుకున్నారు" అనండి. అంబేద్కర్‌కు ఉస్మానియా విశ్వవిద్యాలయం 1953లో గౌరవ డి.లిట్. ఇచ్చింది. కానీ ఆయన పేరు ముందున్న డాక్టర్ దానివల్ల వచ్చింది కాదు. అంతకు చాలా ముందే కొలంబియా, లండన్‌లలో చదివి సాధించుకున్న డాక్టరేట్లవి. ఎవరైనా "గౌరవ డాక్టరేట్‌తో డాక్టర్ వేస్తే తప్పేంటి" అని అడిగితే నేను ఈ తేడానే చెబుతాను.

*ప్రొఫెసర్.* కాలేజీలో పాఠం చెప్పే ప్రతివారూ ప్రొఫెసర్ కాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ సహాయ ఆచార్యులు, అసోసియేట్ ప్రొఫెసర్ సహ ఆచార్యులు, పూర్తి స్థాయి ప్రొఫెసర్ ఆచార్యులు. మొదటి ఇద్దరికీ పిహెచ్‌డీ ఉంటే పేరు ముందు డాక్టర్, కింద హోదా వేయండి. సీనియర్లు పక్కనే కూర్చునే వేదిక మీద లేని హోదా తగిలిస్తే పాపం ఆ చిన్న అధ్యాపకులకే ఇరకాటం.

*సంస్థల పేర్లు.* డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ప్రొఫెసర్ జయశంకర్ పేరున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఆ మాట సంస్థ పేరులో భాగం. జాగా లేదని కత్తిరించకండి.

6. ఆడవాళ్ల పేర్ల దగ్గర ఆగి మళ్లీ చూడండి

కొన్నేళ్ల కిందట ఒక సభలో వేదిక మీది నలుగురిని పిలుస్తూ "ఆచార్య", "డాక్టర్", "డాక్టర్" అని ముగ్గురిని అన్నాను. నాలుగో పేరు దగ్గర "శ్రీమతి" అన్నాను. ఆవిడ ముప్పై ఏళ్లు యూనివర్సిటీలో పాఠం చెప్పిన ఆచార్యులు. నా చేతి కాగితంలో అలాగే ఉంది, నేను అలాగే చదివాను. సభ అయ్యాక మెట్ల దగ్గర నన్ను పక్కకు పిలిచి, "నేనేమీ అనుకోను నాయనా. కానీ ముందు వరుసలో నా విద్యార్థినులు కూర్చున్నారు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ ప్రతి కార్డు దగ్గరా నాకు వినిపిస్తుంది.

అప్పటి నుంచి నేను చేసే పరీక్ష ఇది. వేదిక మీది పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి రాసి, ఆడవాళ్ల పేర్ల ముందు ఉన్న మాటలూ మగవాళ్ల పేర్ల ముందు ఉన్నవీ పోల్చి చూస్తాను.

- మగవాళ్లకు పట్టా వేసి, ఆడవాళ్లకు శ్రీమతి వేశానా?
- మగవాళ్లకు "గారు" అని, ఆడవాళ్లకు "మేడం" అన్నానా?
- ఆవిడను ఫలానావారి భార్యగా పరిచయం చేస్తున్నానా? ఆవిడ కోరితే తప్ప వద్దు.
- కుమారి, శ్రీమతి తేల్చుకోలేకపోతే రెండూ తీసేసి పేరు, గారు ఉంచానా?

7. గౌరవ, గౌరవనీయ: ఒక్క అక్షరం తేడా కాదు

"గౌరవ అధ్యక్షులు" అంటే సంఘంలో గౌరవార్థం ఇచ్చిన పదవి. "గౌరవనీయులైన అధ్యక్షులు" అంటే గౌరవించదగిన అధ్యక్షుడు. ప్రభుత్వ కాగితాల్లో "గౌరవ ముఖ్యమంత్రి" అని రాయడం అలవాటైపోయింది, అందరికీ అర్థమవుతుంది కూడా. కానీ సంఘాల కార్డుల్లో ఈ రెండూ పక్కపక్కన వస్తాయి కాబట్టి పదవుల్లో ఉన్నవారికి "గౌరవనీయ" వాడితే అయోమయం ఉండదు.

మిగతావి క్లుప్తంగా:

- రాష్ట్రపతి, గవర్నర్: గౌరవనీయ. దేశంలో జరిగే కార్యక్రమాల్లో "హిజ్ ఎక్సెలెన్సీ" వాడకం ఆపే మార్పులకు 2012 అక్టోబరులో అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆమోదం తెలిపారు. "ఘనత వహించిన" కూడా అవసరం లేదు.
- జస్టిస్: హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులకే. జిల్లా కోర్టులో ఉన్నవారు జిల్లా న్యాయమూర్తి. పదవీ విరమణ చేశాక "జస్టిస్ ఫలానా, హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి" అని రాయండి, "రిటైర్డ్ జస్టిస్" వద్దు.
- న్యాయవాది: పేరు కింద వేస్తే చాలు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం న్యాయవాది తన బోర్డు మీద గతంలో జడ్జిగా, అడ్వకేట్ జనరల్‌గా చేసినట్టు రాసుకోకూడదు.
- సైన్యం: రిటైరైన సైనికాధికారులు ఎక్కువగా ఉండే సైనిక్‌పురి వైపు సభ అయితే తప్పకుండా అవసరపడుతుంది. "బ్రిగేడియర్ ఫలానా (రిటైర్డ్)" అనాలి. రిటైర్డ్ అన్నది పేరు తర్వాత. హోదా రిటైర్ కాదు, మనిషే అవుతారు.
- ఆఫీసుకు అర్జీ: పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. "గౌరవనీయులైన తహసీల్దార్ గారికి" చాలు.

8. పద్మ పురస్కారం పేరుకు తగిలించకండి

సభా నిర్వాహకులు ఎంత ప్రేమతో వేసినా ఇది నియమ విరుద్ధమే. రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ప్రభుత్వం బిరుదులు ఇవ్వకూడదు. పద్మ పురస్కారాలు, భారతరత్న బిరుదులు కావని, పేరుకు ముందూ వెనకా వాడకూడదని బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు 1995 డిసెంబరు 15న చెప్పింది. లెటర్‌హెడ్లు, ఆహ్వాన పత్రికలు, పోస్టర్లు, పుస్తకాలు అన్నిటికీ ఇది వర్తిస్తుంది. దుర్వినియోగం చేస్తే పురస్కారమే కోల్పోవచ్చు. అంటే మనం వేసిన కార్డు వల్ల ఆ పెద్దమనిషి చిక్కుల్లో పడతారు.

సరిచేసే మార్గం తేలిక. కార్డులో పేరు మామూలుగా వేయండి. మైకులో పరిచయం చేసేటప్పుడు "ఫలానా సంవత్సరంలో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు" అని పూర్తి వాక్యంగా చెప్పండి. చప్పట్లు అక్కడే మోగుతాయి.

9. పెళ్లి కార్డు

దీనికి కొన్ని వేరే పద్ధతులున్నాయి. అబ్బాయికి "చి.", అమ్మాయికి "చి.ల.సౌ.". ఇవి పెద్దల దీవెనలు, అందుకే వీటి పక్కన డాక్టర్ ఇరికించకండి. చదువు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అబ్బాయి చదువు వేస్తే అమ్మాయి చదువూ వేయండి.

పిలిచేది మీరు కాబట్టి మీ వైపు పేర్లకు గారు ఉండదు. వియ్యాలవారి పేర్లకు తప్పకుండా ఉండాలి: "శ్రీమతి లక్ష్మి, శ్రీ నరసింహారావు గార్ల కనిష్ఠ పుత్రిక". తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు ఏ వైపు వారైనా గారు పెట్టండి.

ఇక కీర్తిశేషులు. "కీ.శే." ఉన్నచోట శ్రీ రాదు, గారు మాత్రం ఉంటుంది: "కీ.శే. రామయ్య గారి మనవడు". ఏ మతం వారికైనా సరిపోయే మాట కావాలంటే "దివంగత".

మా దగ్గరి బంధువుల ఇంట్లో జరిగింది చెబుతాను. ప్రెస్సులో డిజైనర్ పాత కార్డు ఫైలు తెరిచి పేర్లు మార్చాడు. మూడో వరుసలో ఉన్న "కీ.శే." అలాగే ఉండిపోయింది. అందరూ ముహూర్తం చూశారు, ఫంక్షన్ హాలు చిరునామా చూశారు. తాతగారి పేరు దగ్గర ఎవరి కళ్లూ ఆగలేదు. మొదటి కార్డు పసుపు రాసి ఆయన చేతికే ఇచ్చారు. కళ్లద్దాలు తీసి పెట్టుకుని చదువుతూ, తన పేరు మీద వేలు పెట్టి ఆగిపోయారు. ఇల్లంతా మౌనం. మూడు వందల కార్డులు మళ్లీ వేయించారు, ఆ డబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆయన వేలు ఆగిన ఆ క్షణమే అందరికీ గుర్తుండిపోయింది.

ఛత్తా బజార్‌లో వేయించినా, ఇంటి పక్క ప్రెస్సులో వేయించినా ప్రూఫ్ దగ్గర ఇలా చేయండి:

- "కీ.శే." ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టి, ప్రతి పేరునూ పైకి చదవండి
- ఉండాల్సిన చోట లేకపోవడమూ తప్పే, పోయినవారి పేర్లు పట్టికతో సరిచూడండి
- రెండు వైపుల నుంచీ ఒక్కో పెద్దవారికి ప్రూఫ్ కాగితం మీద చూపించండి, ఫోన్ తెరమీద చాలదు
- తప్పు దిద్దాక వచ్చిన కొత్త ప్రూఫ్‌ను మొత్తం మళ్లీ చదవండి

10. మైకు ముందు

కాగితంలో "డా.", "ఆచా." అని పొడిగా రాసుకోకండి. నోటితో ఎలా పలకాలో అలాగే పూర్తిగా రాసుకోండి. వరుస ఇది: ముందు పాత్ర, తర్వాత హోదా, పేరు, గారు, ఆపైన ఆహ్వానం. "నేటి మన ముఖ్య అతిథి, ఆచార్య సుజాత గారిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాం."

మొదటిసారి పూర్తిగా, తర్వాత "సుజాత గారు" చాలు. ప్రతి వాక్యంలో హోదా మోగిస్తే వినేవాళ్లకు విసుగు. సభాధ్యక్షులను ముందు, ముఖ్య అతిథిని తర్వాత, ఆపైన విశిష్ట, ఆత్మీయ అతిథులను, వక్తలను పిలవండి. సభకు పావుగంట ముందు ప్రతి అతిథి దగ్గరికీ వెళ్లి కాగితం చూపించి "ఇలా చదవనా అండీ?" అని అడగండి.

11. తప్పు దొర్లిపోతే

మైకులో తప్పు పలికితే అక్కడికక్కడే ఒక్క వాక్యంలో దిద్దుకోండి: "క్షమించాలి, ఆచార్య సుజాత గారు." అంతే. కారణాలు చెప్పుకుంటూ సాగదీస్తే అందరి చూపూ ఆవిడ మీదికి మళ్లుతుంది.

కార్డు పంచేశాక తెలిస్తే ముందు ఆ మనిషికి ఫోన్ చేయండి, మెసేజ్ చాలదు. వాట్సాప్‌లో వెళ్లిన కార్డును సరిచేసి అవే గ్రూపుల్లో "సవరించిన ఆహ్వానం" అని మళ్లీ పెట్టండి. ఫ్లెక్సీ మీద తప్పుంటే ఆ పేరున్న ముక్కకు కొత్త స్టిక్కర్ వేయించి అతికించవచ్చు, సభకు రెండు గంటల ముందు తెలిసినా టైము సరిపోతుంది. సభలో పరిచయం చేసేటప్పుడు సరైన హోదాతో, నిదానంగా, అందరికీ వినపడేలా చదవండి. మర్నాడు పత్రికలకు పంపే వార్తలో కూడా సరైన పేరే వెళ్లేలా చూసుకోండి, ఎందుకంటే విలేకరులు చాలాసార్లు కార్డు చూసే రాసుకుంటారు.